ఆశ్రమభేదములును క్రైస్తవ పవిత్రతయు

ఈజిప్టు ఎడారిలోని ఏకాంతవాసులకు ఆదిగురువని పేరొందిన అంతోనివారికి, ఆయనకు సాటియగువాడు నగరమునందొకడు కలడని దైవము తెలియజేసినట్లు ఎడారి తండ్రుల సూక్తిసంపుటములలో రెండు మూడు వాక్యములకు మించని కథ యొకటి కలదు. ఆ సాటివాడు మఠవాసి కాడు, గుహావాసి కాడు. వైద్యము చేసి బ్రతుకువాడు. తన అవసరమునకు మించిన రాబడిని బీదలకిచ్చివేయుచు, ప్రతిదినమును దేవదూతల గానముతో గొంతు కలిపి దేవుని ముమ్మారు పరిశుద్ధుడని స్తుతించుచుండువాడు. ఆ మాట విని అంతోనివారు నొచ్చుకొనిరో, సంతసించిరో, ఎడారి విడిచి ఆ వైద్యుని చూడబోయిరో కథకుడు చెప్పలేదు. చెప్పకుండుటయే మేలైనదని నాకు తోచుచున్నది. చెప్పియున్నచో కథ యంతయు అంతోనివారి వినయమును గూర్చినదై, వైద్యుడు అందొక ఉపకరణముగా మాత్రమే మిగిలియుండెడివాడు.

ఈ కథ వినిన తెలుగువానికి కౌశికుడు తలపునకు రాకపోడు. అరణ్యపర్వమున మార్కండేయుడు ధర్మరాజునకు చెప్పిన ఆ ఉపాఖ్యానమును ఎఱ్ఱన మన భాషలో నిలిపినాడు. చెట్టుక్రింద వేదము వల్లించుచున్న బ్రాహ్మణునిపై కొంగ రెట్ట వేయుట, అతడు కోపముతో చూచినంతనే అది చచ్చి నేలపై బడుట, అటుపిమ్మట భిక్షకు పోయిన యింట ఇల్లాలు మగని సేవలోనుండి ఆలస్యము చేయగా అతడు మండిపడుట, తాను కొంగను కానని ఆమె తిన్నగా పలుకుట, ధర్మమెఱుంగవలెనన్నచో మిథిలలో మాంసమమ్ముకొను వ్యాధుని యొద్దకు పొమ్మని త్రోవ చూపుట, ఇవి మన పల్లెలలో అక్షరములు రానివారికి సైతము తెలిసిన సంగతులు. రెండు కథల గురియు ఒక్కటే. తపస్సు తన్ను తాను కొలుచుకొన మొదలిడినపుడు దానికి తగిన తూనికరాయిని బజారునుండి తెచ్చి చూపుట.

అయినను రెండును ఒక్కటే చెప్పుచున్నవని తేల్చివేయుటకు నా మనసొప్పదు. ధర్మవ్యాధుని మహిమకు కారణము, కులవృత్తిని కపటము లేక నడపుటయు వృద్ధులైన తలిదండ్రులను దైవములుగా కొలుచుటయు. అనగా అతని పవిత్రత అతడు నెరవేర్చిన ధర్మమునకు ఫలము. క్రైస్తవమతము దీనిని కాదనదు కాని దీనితో ఆగిపోవుటకును ఒప్పుకొనదు. ధర్మము నెరవేర్చుటకు వలయు శక్తియే చాలనివాని గతి యేమి, వృత్తియే తనకు బలవంతముగా అంటగట్టబడినవాని గతి యేమి, అను రెండు ప్రశ్నలు దానిని విడువక వెంటాడుచుండును. వానికి సమాధానము దొరకుటకు ముందు ఆ మతమే ఈ విషయమున ఎన్ని శతాబ్దములు తడబడినదో చెప్పికొనవలసియున్నది.

యేసు తన వెంట రమ్మని పిలిచిన పేతురునకు ఇల్లు కలదు, జ్వరపడిన అత్తగారు కలరు. పౌలు డేరాలు కుట్టి పొట్టపోసికొనెను. కొరింథులో అతనికి చోటిచ్చిన అకుల, ప్రిస్కిల్ల యను దంపతులదియు అదే పని. ఫిలిప్పీలో అతని బోధకు చెవియొగ్గి ఇల్లు తెరచిన లూదియ ఊదారంగు పొడి అమ్ము వర్తకురాలు. తొలి సంఘములు ఇట్టివారి ఇండ్లలోనే కూడినవి. అటుపై రమారమి మూడువందల ఏండ్లు పవిత్రతకు పరాకాష్ఠ హతసాక్షిత్వముగా నుండుటచేత ఆశ్రమభేదమునకు అంతగా చోటు చిక్కలేదు. 203లో కార్తేజు క్రీడారంగమున మృగముల యెదుటికి త్రోయబడిన పెర్పెతువ చంటిబిడ్డ తల్లి. ఆమెతోకూడ మరణించిన ఫెలిసితి అంతకు కొలది దినముల ముందు చెరసాలలోనే ప్రసవించిన బానిస.

నాలుగవ శతాబ్దమున ఖడ్గభయము తొలగినది. హతసాక్షులు వదలిన పీఠము ఖాళీపడగా దానిని తపస్వులు అధిష్ఠించిరి. ఆ శతాబ్దాంతమున జొవినియను అను సన్న్యాసి రోమునగరమున, జ్ఞానస్నానము పొంది దానిని నిలుపుకొన్న కన్యయు విధవయు గృహిణియు, తక్కిన విషయములలో భేదము లేనియెడల, దేవుని యెదుట సమానులేయని బోధింప సాగెను. రోమున సిరీసియు పోపుగారును, మిలానున అంబ్రోసు పీఠాధిపతియు అతనిని బహిష్కరించిరి. బేత్లెహేమునుండి జెరోముగారు 393లో అతనికెదురుగా ఎంతటి పరుషమైన గ్రంథము వ్రాసిరన్న, రోములోని మిత్రులే సిగ్గుపడి దాని ప్రతులను వెనుకకు తెప్పింప యత్నించిరి. విత్తువాని ఉపమానమున యేసు నేల మంచిదైనచో పంట నూరంతలుగను, అరువదంతలుగను, ముప్పదంతలుగను వచ్చునని చెప్పెను గదా. ఆ అంకెలను జెరోముగారు నూరు కన్యలకును, అరువది విధవలకును, ముప్పది సంసారులకును పంచిపెట్టిరి. విత్తనమును గూర్చిన కథ వారి చేతిలో విందుభోజనపు పంక్తుల ఏర్పాటుగా మారిపోయినది. 401లో అగస్టీనుగారు వివాహము మంచిదేయని ఒక శాంతమైన గ్రంథము వ్రాసి కొంత సర్దుబాటు చేసిరి గాని, పంక్తులను చెరపలేదు.

మన పెద్దలు విధించిన బ్రహ్మచర్య గార్హస్థ్య వానప్రస్థ సన్న్యాసములు ఒకే మనుష్యుని ఆయుర్దాయమును పంచుకొనునవి. నేడు గృహస్థుగా నున్నవాడు రేపు అడవికి పోవచ్చును. పోకున్నను పోవుదునని అనుకొనుచు చావవచ్చును. జెరోముగారి మెట్లు మనుష్యుని కాలమును గాక మనుష్యులనే పంచివేసినవి. ముప్పదంతలవాడు చచ్చువరకును ముప్పదంతలవాడే. భార్యయో భర్తయో గతించినచో మాత్రము అరువదికెక్కును. పవిత్రతకు దారి తాళికట్టిన వాని శవము మీదుగా పోవుట ఎంత విపరీతమో ఆ మెట్లు కట్టినవారికి తోచకపోవుట వింత.

పదునారవ శతాబ్దమున విటెన్‌బర్గునందలి లూథరు ఈ నిచ్చెనను విరుగగొట్టెను. తాను పెండ్లాడుటకు మూడేండ్లు ముందే, 1522లో, వివాహజీవితమును గూర్చి వ్రాసిన చిన్న పొత్తమున, బిడ్డ మురికిగుడ్డలు ఉదుకుచున్న తండ్రిని చూచి లోకులు పరిహసించినను, అతడా పనిని విశ్వాసముతో చేయుచున్నచో దేవుడు దూతలతోకూడి ఆనందముతో నవ్వునని చెప్పెను. 1525లో అతని భార్యయైన కతరీన పూర్వము కన్యస్త్రీ. అతడు సన్న్యాసిగా నుండిన మఠపు కట్టడముననే కాపురముపెట్టి, పశువులను మేపించి, బీరు కాచి, విద్యార్థులకు భోజనము పెట్టి సంసారమునీదుకొని వచ్చెను. దానికెదురుగా 1563లో త్రెంతు మహాసభ, కన్యాత్వమునకంటె వివాహము శ్రేష్ఠమనువారు శాపగ్రస్తులని శాసించెను. వాదమున ఇరుపక్షములవారును ఏది పెద్ద యను ప్రశ్ననే పట్టుకొని పెనుగులాడిరి. పెద్దరికమును గూర్చిన ప్రశ్న తప్పుప్రశ్న యని అనుటకు మరియొక నలువదియారేండ్లు పట్టినది.

ఆ మాట అన్నవాడు సవాయి దేశపు ఫ్రాన్సిస్ డి సేల్స్. పేరునకు జెనీవా పీఠాధిపతి. కాని జెనీవా కాల్విను మతస్థుల చేతిలో నుండుటచేత అన్నెసీ యను చిన్న పట్టణమున కాపురముండెను. పదువాలో న్యాయశాస్త్రము చదివినవాడు. తండ్రి ఆయనను పెద్ద ఉద్యోగిగా చూడగోరెను. తన బంధువర్గములోని యొక గృహిణికి వ్రాసియిచ్చిన ఉపదేశములను కూర్చి 1609లో ఆయన వెలువరించిన గ్రంథము 'భక్తిజీవన ప్రవేశిక'. దానిలో ఆయన వాదము చాల సామాన్యముగా నుండును. పీఠాధిపతి కార్తూసియ మునివలె ఏకాంతమును గోరినను, సంసారి కపుచిను సన్న్యాసివలె కాసు దాచక పోయినను, కూలివాడు మఠవాసివలె దినమంతయు దేవాలయమున కూర్చుండినను, ఆ భక్తి నవ్వులపాలగును. ఒకని వృత్తికి విరుద్ధమైన భక్తి నిజమైన భక్తి కానేకాదు. శిబిరమునుండియు, అంగడినుండియు, రాజసభనుండియు, దంపతుల గృహమునుండియు భక్తిని వెడలగొట్టజూచుట ఆయన దృష్టిలో తప్పు మాత్రమే కాదు, మతద్రోహము. నేడిది మామూలు మాట. ఆనాడు ఒక బోధకుడు ఆ పుస్తకమును దేవాలయ వేదికపైననే తగులబెట్టెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు.

గ్రంథమునకన్న ఆయన శిష్యురాలి జీవితము నన్నెక్కువగా ఆకర్షించినది. దిజోను నగర న్యాయసభాధ్యక్షుని కూతురు జేన్, షాంటాల్ ప్రభువును పెండ్లాడి, అప్పులలో మునిగిన జమీను తన నేర్పుతో గట్టెక్కించి, 1601లో వేటలో తగిలిన గుండువలన భర్తను పోగొట్టుకొనెను. కాల్చినవాడు శత్రువు కాడు, చుట్టము. పొరపాటున పేలిన తుపాకి. నలుగురు పసివారితో మిగిలిన ఆ యిరువది తొమ్మిదేండ్ల స్త్రీకి దుఃఖము భక్తియై పొంగెను. మొదట దొరికిన ఆత్మోపదేశకుడు ఆమెచేత మ్రొక్కుబడులు మ్రొక్కించి, ఉపవాసములు చేయించి, జాముజామునకు జపములు నియమించి, తన్ను విడిచి మరియొకరిని ఆశ్రయింపనని ప్రమాణమును గూడ చేయించుకొనెను. 1604లో దిజోనునకు తపస్సుకాల ప్రసంగములు చేయ వచ్చిన ఫ్రాన్సిస్‌గారు ఆ కట్లన్నియు మెల్లమెల్లగా విప్పిరి. తెల్లవారుజామున సేవకురాండ్రను లేపక తానే లేచుట, పిల్లల చదువులు, రోగుల పరామర్శ, మామగారి సేవ, ఇవియే ఆమెకు మఠనియమములైనవి. ఆ యింటి నౌకరులు దీనిని గూర్చి అనుకొన్న మాట ఆమె చరిత్రలో నిలిచిపోయినది: పూర్వపు గురువు అమ్మగారిచేత దినమునకు మూడు మారులు ప్రార్థన చేయించినపుడు ఇల్లంతయు అవస్థపడినదట, ఈ పీఠాధిపతి ఆమెచేత ఎల్లవేళల ప్రార్థన చేయించుచున్నను ఎవ్వరికిని ఇబ్బంది లేదట. పవిత్రతను పరీక్షించుటకు ఇంతకంటె మంచి న్యాయసభ నాకు కనబడదు. ఇంటిలో ఒకరికి భక్తి కుదిరినప్పుడు దాని భారమును మోయునది సాధారణముగా వంటయింటిలోని వారే కదా!

మామగారి సేవ యన్నంత సులభము కాదు. తన యింటికి వచ్చి కాపురముండనిచో మనుమలకు ఆస్తి దక్కనీయనని ఆ వృద్ధుడు బెదరించుటచేత ఆమె మోంతెలానునకు పోవలసివచ్చెను. అక్కడ ఇంటి పెత్తనము ఆయనకు బిడ్డలను కనిన యొక పనికత్తె చేతిలో నుండెను. తాళపుచెవులు ఆమెవి, ఖర్చులు ఆమెవి. కోడలికి నోరెత్త వీలులేదు. సుమారు ఏడేండ్లు ఆ యింట జేన్ ఆ పనికత్తె బిడ్డలను తన బిడ్డలతో సమముగా చేరదీసి చదువు చెప్పెను. భర్తను కాల్చిన మనుష్యుని విషయమున ఫ్రాన్సిస్‌గారి ఉపదేశము చూడుడు: వెదకికొని పోవలదు, కాని అతడు తారసిల్లినచో మృదువుగా, దయతో ఆదరింపుము. ఆమె మనసునకు మించిన దానిని ఆయన మొదటనే అడుగలేదు. తుదకు ఆమెయే ఆ మనుష్యుని బిడ్డకు జ్ఞానమాతగా నిలిచెను.

ఇంతవరకును నాకు సందేహము లేదు. అటుపై జరిగిన దానియందు కలదు. మఠప్రవేశము చేయవలెనను ఆమె కోరికను ఆయన ఏండ్ల తరబడి ఆపిన పిమ్మట, 1610 మార్చిలో ఆమె దిజోనులోని తండ్రి యింటినుండి బయలుదేరినపుడు, కౌమారమున నున్న ఒక్కగానొక్క కొడుకు గడపకడ్డముగా పండుకొని, తన్ను తొక్కి పొమ్మనెను. ఆమె ఏడ్చుచు అతనిని దాటి పోయెను. బిడ్డ కన్నీరు తమ నిశ్చయమును సడలించునాయని ప్రక్కనున్నవాడొకడు అడుగగా, సడలింపదు కాని నేను తల్లిని గదాయని బదులు చెప్పెనట. భక్తచరిత్రలు ఈ ఘట్టమును వీరకృత్యముగా కీర్తించుచున్నవి. ఇంటిని దైవమునకు అడ్డముగా ఎంచవలదని ఆరేండ్లు నేర్పిన గురువునకు శిష్యురాలైన ఆమె, తుదకు గడపను దాటుటనే దైవసేవగా ఎంచుట నాకు మ్రింగుడుపడలేదు. ఆమె పక్షమున చెప్పదగినవి కలవు: కొడుకును తాతగారి సంరక్షణలో నుంచెను, కూతుండ్రను వెంట దీసికొని పోయెను, ఆస్తి వ్యవహారములకై మరల మరల తిరిగివచ్చెను. ఆ కుఱ్ఱడు పెరిగి 1627లో రే ద్వీపమున ఇంగ్లీషువారితో జరిగిన పోరున మరణించెను. అతని కూతురే ఫ్రెంచి లేఖాసాహిత్యమున అగ్రగణ్యయైన మాదాం ద సెవిన్యే. ఇవన్నియు చెప్పినను గడప గడపగానే మిగులును. ఒక దశనుండి మరియొక దశకు పోవువారు ఎవరో యొకరిని దాటియే పోవుదురని చెప్పి ఊరకుండుట తప్ప నాకు వేరు గతి లేదు.

1610 జూనులో అన్నెసీయందు ఫ్రాన్సిస్‌గారును జేనును స్థాపించిన మఠము, కఠోర నియమములకు దేహము చాలని స్త్రీలకై, విధవలకై, వయసు మీరినవారికై ఉద్దేశింపబడినది. పస్తులు తక్కువ, వీధిలోకి పోయి రోగులకు పరిచర్య చేయుట దానిలో ముఖ్యమైన పని. ఐదారేండ్లకే లియోను అగ్రపీఠాధిపతి, కన్యస్త్రీలు తిరుగాడుట తగదని అడ్డుచెప్పుటచేత, 1618 నాటికి అది తలుపులు మూసిన మఠముగా మారిపోయినది. భక్తిని వీధిలోకి తెచ్చిన గ్రంథకర్తయే తన మఠమునకు గోడ కట్టవలసివచ్చెను. ఆయన వినయముతో ఒప్పుకొనెనని చరిత్రకారులు మెచ్చుకొందురు. నాకు మాత్రము కొంత మొండితనము చూపియుండినచో బాగుండెడిదని తోచును. ఆ వీధిపనిని తరువాత విన్సెంటు ది పౌల్‌గారును, భర్తను పోగొట్టుకొని కొడుకును పెంచుకొనుచుండిన లూయీస్ ద మారియాకును 1633లో పారిసున చేపట్టి, మఠమను పేరు పెట్టుకొనకుండుటచేతనే నిలుపుకొనిరి.

ఆ గోడల ప్రభావము మన గుంటూరువరకును వచ్చినది. మెల్బోర్నున 1910లో వైద్యపట్టము పుచ్చుకొని కంటివైద్యమున పేరు తెచ్చుకొన్న మేరీ గ్లౌరీ యను ఆస్ట్రేలియా వనిత, భారతదేశమున వైద్యము లేక మరణించు తల్లులను పసికందులను గూర్చి చదివి, 1920లో గుంటూరు చేరి, యేసు మరియ జోజప్పల సభలో కన్యస్త్రీగా చేరెను. ఆనాటి సంఘశాసనము కన్యస్త్రీలను వైద్యవృత్తికి దూరముగా నుంచుచుండెను. ప్రసవములు చేయుట వారికి బొత్తిగా తగదని తలచిరి. రెండు పిలుపులు ఒక్క దేహమున ఇముడునాయను ప్రశ్నకు పోపుగారి ప్రత్యేకానుమతియే సమాధానమైనది. ఆ నిషేధము సాధారణముగా తొలగిపోవుటకు 1936వరకు ఆగవలసివచ్చెను. ఘోషాలోని స్త్రీలు మగవైద్యుని చేతికి నాడినైనను అందింపని ఆ రోజులలో ఆమె నాడి పట్టెను, పురుళ్లు పోసెను, తెలుగు బాలికలకు మందులు కలుపుటయు పరిచర్యయు నేర్పెను. 1943లో కాథలిక్ వైద్యశాలల సంఘమును స్థాపించెను. 1957లో బెంగుళూరున కన్నుమూసెను. అంతోనివారి వైద్యుడును అంతోనివారును ఒక్కరే యైనచో ఎట్లుండునో ఆమెయందు కనబడును.

ఇక వృత్తి అంటగట్టబడినవాని ప్రశ్న. నీవున్న స్థితిలోనే పవిత్రుడవు కావచ్చునను మాట జమీందారిణికి ఓదార్పు. పాలేరునకు అది సంకెల కావచ్చును. ఫ్రాన్సిస్‌గారి గ్రంథము చదువవచ్చిన దొరసానికై వ్రాసినది. నౌకరులు ఆ చరిత్రలో వ్యాఖ్యానము చేయుటకే కనబడుదురు. ధర్మవ్యాధుడు సైతము తన మాంసపుటంగడిని పూర్వజన్మ కర్మఫలమని ఒప్పుకొన్నాడు. మాలపల్లెకును మాదిగవాడకును పోయి, ఎవరి పని వారికి పుణ్యమని బోధించుట కంటె క్రూరమైన బోధ తెలుగునాట వేరొకటి యుండదు. దోర్నకల్లున అజరయ్యగారికి ఈ సంగతి తెలిసినట్లున్నది. తిరునెల్వేలినుండి 1909లో భార్యాసమేతముగా వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పయిన ఆయన, బాప్తిస్మము పొందిన కూలిజనులచేత వారి చేతిని వారి నెత్తిమీదనే పెట్టించి, సువార్త చాటుట తమ బాధ్యతయని స్వయముగా పలికించెడివారు. ఒకరి చేయి మరియొకరి నెత్తిపై నుంచుట సంఘములలో ఆచారము. తన చేయి తన నెత్తిపై పెట్టుకొనుటలో, పుట్టినది మొదలు పరుల చేతి క్రింద బ్రతికినవానికి ఎంతటి అర్థము కలదో ఊహింపుడు. గురువులు కాదగిన యువకులను భార్యలతోకూడ పాఠశాలకు రప్పించి, భర్తతోపాటు భార్యకును పాఠము చెప్పించిరి. పిలుపు అనునది కులముచేత వచ్చినదానిని దీవించుట కాదు. దానిని కాదని పోవుటకు గూడ పిలువవచ్చును. ఈ భేదమును మరచిన బోధ ధర్మవ్యాధుని కథకు నమస్కరించి ధర్మవ్యాధుని అంగడిలోనే అణచియుంచును.

శక్తి చాలనివానిని గూర్చిన మొదటి ప్రశ్న మిగిలియున్నది. దీనికి నేను ఫ్రాన్సు దేశపు అలాన్సోను పట్టణమునందలి యొక సాధారణ సంసారమును చూపుదును. లూయీ మార్తెను గడియారములు బాగుచేయువాడు. యౌవనమున మఠమునకు పోగా లాటిను నేర్చికొని రమ్మనిరి, అది కుదురలేదు. జేలీ గెరెను కన్యస్త్రీ కాబోయి నిరాకరింపబడి, ఆ యూరికి పేరు తెచ్చిన సూదిలేసు పని నేర్చి, ఇంటింట స్త్రీలకు పని పంచియిచ్చి వ్యాపారము నడపెను. 1858లో ఇరువురును పెండ్లాడి, జెరోముగారి అంకెలు తలలోనుండి పోలేదు గాబోలు, పది నెలలు అన్నాచెల్లెండ్రవలె కాపురము చేసిరి. ఒక ఆత్మోపదేశకుడు మందలించిన పిదప తొమ్మండుగురను కనిరి. నలుగురు పసితనముననే పోయిరి. జేలీ లేఖలు ఇన్నూటికి పైగా మిగిలియున్నవి. వానిలో దర్శనములు లేవు. దాది దొరకుట, బిడ్డ జ్వరము, కొనువారు ఇచ్చిన గడువు, రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండి లేసు ముక్కలను అతుకుటచే కన్నులు కాయలు కాచుట, ఇవియే. భర్త 1870లో తన గడియారముల అంగడి అమ్మివేసి భార్య వ్యాపారములో తోడుగా చేరెను. 1877లో ఆమె రొమ్ము పుండుతో మరణించినపుడు కడగొట్టు బిడ్డకు నాలుగేండ్లు; ఆ బిడ్డయే లోకమున చిన్న తెరేసమ్మగా పూజలందుకొనుచున్నది.

ఇది ధర్మనిర్వహణమే, ధర్మవ్యాధుని మార్గమే యనవచ్చును. కాని లూయీ కథ అంతటితో ముగియలేదు. కూతుండ్రు ఒకరివెంట ఒకరు మఠమునకు పోయిన పిమ్మట ఆయన మతి చెదరసాగెను. ఇల్లు విడిచిపోయి దినములతరబడి కనబడకుండెను. 1889 ఫిబ్రవరిలో కాన్ నగరపు పిచ్చాసుపత్రిలో చేర్చగా మూడేండ్లకు పైగా అక్కడనే యుండెను, పిదప నడువలేని స్థితిలో ఇంటికి తెచ్చిరి, 1894లో మరణించెను. కూతురిని మఠమునకు పంపిన తండ్రికి ఈ గతి పట్టుటకు ఆ కూతురే కారణమని ఊరివారు గుసగుసలాడిరట. ఆ మూడేండ్లలో ఆయన నెరవేర్చిన ధర్మమేమి? భర్త కాడు, తండ్రిగా చేయగలిగినది లేదు, వృత్తి లేదు, నిలకడగా ప్రార్థించుటకు బుద్ధియు లేదు. కర్మఫలముగా పవిత్రతను లెక్కించు ఏ పద్ధతియందును ఆయన ఖాతా ఆనాటితో మూతపడవలయును. క్రైస్తవులు అట్లు మూయరు. పవిత్రత మనుష్యుడు సాధించినది కాక దేవుడు ప్రేమించి ఇచ్చినది యగునెడల, ఆశ్రమములును వృత్తులును దానిని సంపాదించు యంత్రములు కావు. దానిని పుచ్చుకొను చోటులు. మతి తప్పిన ముసలితనమును అట్టి యొక చోటే. పుచ్చుకొనుటకు రెండు చేతులును సిద్ధముగా నుండవలెనను నియమము అక్కడ లేదు. తర్కమునకు ఇది నిలుచునాయని అడుగుదురేమో. నిలువదనువారితో నేను కలహింపను. కాని ఇది లేనియెడల క్రైస్తవ పవిత్రత సమర్థులకు మాత్రమే దక్కు బహుమానమై, పిల్లలును రోగులును వృద్ధులును దాని వాకిట నిలువబడిపోవుదురు.

1964లో వాటికను రెండవ మహాసభ, పవిత్రతకు పిలుపు ఏ ఆశ్రమమున నున్నవారికైనను ఒక్కటేయని తన శాసనమున ఒక అధ్యాయమునంతటిని కేటాయించి చెప్పెను. చెప్పుట వేరు, పునీతుల పట్టికలో ఎక్కించుట వేరు. ఆ పట్టికలో మఠస్థాపకులు క్రిక్కిరిసియుండుటకు కారణము సంసారులలో పవిత్రులు లేకుండుట కాదు. దశాబ్దములపాటు సాగు ఆ విచారణకు ధనమును ఓపికయు గల సభ వెనుక నుండవలయును, తన తలిదండ్రులకై అట్టి పని చేయగల సంసారి యెవడు? మార్తెను దంపతులకును కూతురి ఖ్యాతియే తోడ్పడినది. 2015 అక్టోబరు 18న వారిరువురిని కలిపి పునీతులుగా ప్రకటించిరి. దంపతులను జంటగా అట్లు ప్రకటించుట అదియే మొదలు. పునీతుల పండుగను వాడుకగా వారి మరణదినమున జరుపుదురు. వీరికి మాత్రము పెండ్లినాటి తేదీని, జూలై 12ను నిర్ణయించిరి. జెరోముగారి లెక్కలో వారిరువురును నూరునుండి ముప్పదికి దిగిపోయిన దినమది.